ఓడలో దొరికిన రాయి

ఉప్పునీళ్లకు గట్టు వేసి, నల్లరేగడికి మబ్బును పంపి, ఎవరి ఎముకలు ఏ మట్టిలో పడుకున్నాయో ఒక్కటీ మరచిపోని దేవునికి స్తోత్రం. గర్విష్ఠుల గొప్పలను గాలికి వదిలేసి, విధవరాలి మొరను చెవిలో దాచుకునే ప్రభువుకు స్తోత్రం. ఆయనను ముందుగా స్తుతించకుండా ఈ మనిషి గురించి మొదలుపెడితే నా కలం నుంచి మంచిమాట ఒక్కటీ రాదని నాకు తెలుసు. స్తుతించాక కూడా పెద్దగా రాకపోవచ్చు. చదివేవాళ్లు ఓర్చుకోవాలి.

విరుదునగర్ బస్టాండులో కోవిల్‌పట్టి బస్సు కోసం నిలబడి ఉంటే గోడ మీద ఆయన కనిపించాడు. మా వైపు ఎవరైనా పోతే ఫోటోతో పెద్ద పోస్టరు అచ్చువేయించి, కన్నీటి అంజలి అని రాసి ఊరంతా అంటిస్తారు. పోస్టరులో ఆయన తల మీద తెల్ల టోపీ ఉంది. వెనుక నీలి సముద్రం, దాని మీద తెరచాపలెత్తిన ఓడ. స్టూడియోవాడు పెళ్లి ఫోటోల వెనుక జలపాతం అతికించినట్టే దాన్నీ అతికించాడు. తెరచాప కొస ఆయన చెవిలో నుంచి మొలిచినట్టుంది.

పక్కన మిరపకాయల గోనె మీద కూర్చున్న ముసలాయన కూడా పోస్టరు చూశాడు. "అడడా, నంగూరం సారు పోయినాడే!" అన్నాడు. వెంటనే ఇంకో మాట కలిపాడు. "కప్పల్ ఎక్కే పోయిండాడు చూడు."

నంగూరం అంటే అరవంలో లంగరు, కప్పల్ అంటే సముద్రం మీద పోయే ఓడ. మావాళ్లు ఆయనకు పెట్టుకున్న పేరు అది. అసలు పేరు నేను రాయను. పోస్టరు మీద చాలా పెద్ద అక్షరాల్లో ఉంది, ఆయనకది చాలు.

నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. 'ప్రభువా, ఇప్పుడైనా రాయి దొరుకుతుందా' అనుకున్నాను.

ఆయన విరుదునగర్‌లో ఒక కాలేజీలో చరిత్ర చెప్పేవాడు. పుట్టింది మాత్రం విళాత్తికుళం దారిలో, మా పెద్దమ్మ ఊరి పక్క ఊళ్లోనే. రెండు ఊళ్లకూ నడుమ ఒక వాగే అడ్డం. మాలాంటి కూలివాళ్ల ఇంట, తెలుగు మాట్లాడుకునే క్రైస్తవుల ఇంటనే పుట్టాడు. ఆ సంగతి ఆయన ఎక్కడా చెప్పుకునేవాడు కాదు.

పాతకాలపు మనుషులు ఎలాంటి ఓడలు కట్టారు, ఏ గాలికి బయలుదేరారు, ఏ రేవులో సరుకు దించారు అని వెతికే చదువు ఒకటుంది. సముద్రం అడుగుకు దిగి, ఇసుకలో పూడిన కొయ్యముక్కనూ కుండపెంకునూ చేత్తో తడిమి చూసే చదువు. గొప్ప చదువే. దేవుడు నీళ్ల కింద దాచినదాన్ని భయభక్తులతో అడిగి తెలుసుకోవడం అది. ఆ చదువు మీద నాకు చిన్నచూపు లేదు. దాన్ని మెడలో గొలుసులా వేసుకుని తిరిగిన ఈయన మీదే నాకు చిన్నచూపు.

పడుచు వయసులో ఆంధ్రా తీరంలో కొందరు పరిశోధకులు సముద్రంలో వెతుకుతుంటే ఈయన వాళ్ల వెంట కొన్నాళ్లు ఉన్నాడు. పడవలో కూర్చుని తాడు పట్టుకున్నాడు. అంతే. ఆ తాడును చచ్చేదాకా వదల్లేదు. నేను మొదట విన్నప్పుడు ఆయన మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డాడు. తర్వాత ఒకసారి మెడ లోతుకు దిగాడు. ఇంకొన్నేళ్లకు అడుగున నడుస్తూ చేపలను చేత్తో పక్కకు నెట్టాడు. సముద్రం మారలేదు, ఆయన నోట్లోనే లోతు పెరిగింది.

విరుదునగర్‌లో సముద్రం లేదు. నూనె మిల్లులున్నాయి, పప్పు మండీలున్నాయి, మిరప ఘాటుకు తుమ్మే జనం ఉన్నారు. అయినా సాయంత్రం అయ్యేసరికి ఆయన మేడ మీద నిలబడి ముక్కు ఎగరేసి గాలి పీల్చేవాడు. "సముద్రపు గాలి" అనేవాడు. పక్కింటివాళ్లు తుమ్మేవాళ్లు. స్కూటరు డబ్బాలో ఎప్పుడూ నైలాను తాడు ఉండేది. టీ అంగడిలో కూర్చుంటే బల్ల కాలికి ముడి వేసేవాడు, సభలో కూర్చుంటే కుర్చీకి వేసేవాడు. "ఇది నావికుల ముడి. తుపానుకు కూడా ఊడదు" అనేవాడు. ఊడదన్నది నిజమే. వేసినవాడికి కూడా విప్పడం వచ్చేది కాదు. టీ అంగడివాడు ఆయన లేచి వెళ్లాక కత్తితో కోసేవాడు.

మా మాట తీరు ఆయనకు గిట్టేది కాదు. మేం ఇళ్లలో తెలుగు మాట్లాడుకుంటాం, వీధిలోకి వస్తే అరవం. మా తెలుగు తాతలనాటిది, దాని నిండా అరవం కలిసిపోయింది. నేను రాసే ఈ తెలుగు మా నాయన నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని బైబిలు వాక్యం చదివించి నేర్పింది. నంగూరం సారు ఆంధ్రాలో ఉన్న ఆ కొన్నాళ్లలోనే అచ్చు పుస్తకంలా మాట్లాడటం పట్టుకుని వచ్చాడు. ఒకసారి కోవిల్‌పట్టిలో మా సంఘపెద్ద మర్యాదకు పలకరించాడు.

"సారూ, బువ్వ తిన్నేరా?"

"తిన్నేరా కాదు. భోజనం చేశారా అనాలి. మీది తెలుగు కాదయ్యా, అరవం తొక్కి వదిలేసిన తెలుగు."

"సరి సారూ. మా బాస తప్పే" అన్నాడు పెద్ద. "ఆకలి ఒకటేనా, అది గూడ తప్పేనా?"

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. నవ్వు భూమి మీద బతికేవాళ్లకు. ఆయన తరచు అనే మాట ఒకటుంది. "భూమి దున్నినవాడికి చరిత్ర లేదు. సముద్రం దాటినవాడికే ఉంది." వింటున్నవాళ్లంతా భూమి దున్నేవాళ్లే.

ఆదివారం బడి పిల్లలను ఒక ఎండాకాలం తూత్తుకుడి తీసుకెళ్లాం. సముద్రం గురించి చెబుతానని ఆయన కూడా వచ్చాడు. బస్సులో దారంతా చెప్పాడు. రేవులో పడవవాడు పిల్లలను ఒక్కొక్కరినే చేయి పట్టుకుని ఎక్కించి, "మీరూ ఎక్కండి సారూ" అని అరవంలో పిలిచాడు. సారు చూపుడువేలు తడి చేసుకుని పైకెత్తి పట్టుకున్నాడు. కాసేపు అలాగే నిలబడ్డాడు. "ఈ గాలి సరిపడదు" అన్నాడు. పడవవాడు ఆకాశం వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు, పడవ తోసుకుని వెళ్లిపోయాడు. మేం తిరిగి వచ్చేసరికి సారు మా చెప్పుల పక్కన, టోపీ గట్టిగా పట్టుకుని నిలబడి ఉన్నాడు. కుక్క ఒక్క చెప్పూ ఎత్తుకుపోకుండా చూశాడని ఒప్పుకోవాలి. ఆయన చేత ఎవరికైనా మేలు జరగడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇక రాయి సంగతి.

ఇనుము రాకముందు ఓడలకు రాతి లంగరు ఉండేదట. పలక లాంటి రాతికి పైన ఒక బొక్క, తాడు కోసం. కింద ఇంకో రెండు బొక్కలు, నేలను పట్టుకునే కొయ్యల కోసం. అలాంటివి సముద్రం అడుగున దొరికాయని ఆయన చెబితే నేను నమ్మాను, ఆ మాట నిజమే కాబట్టి. దానితో ఆయనకు బొక్క ఉన్న ప్రతి రాయీ లంగరైపోయింది. మా ఊళ్లవైపు స్కూటరేసుకుని వచ్చి గడపరాళ్లు, రోళ్లు, గానుగ రాళ్లు తట్టి చూసేవాడు. ఆడవాళ్లు గుమ్మాల నుంచే అరిచేవాళ్లు.

"సారూ, మా తిరగలి ఏ దేశం పోయి వచ్చిండాదో కొంచెం చూసి చెప్పండి!"

"ఓయమ్మా, దాన్ని చూపించొద్దే, ఎత్తుకోని పోతాడు. అప్పరం పిండి నీ అత్త ఇసురుతాదా?"

మా పెద్దమ్మ దగ్గర అలాంటి రాయి ఒకటి ఉండేది. మా అమ్మకు అక్క ఆవిడ. పిల్లలు లేరు. పెదనాయన కూలికి వాగులో పూడిక తీస్తుంటే బొక్క ఉన్న రాయి ఒకటి మన్నులో దొరికింది. ఎద్దును కట్టేయడానికి పనికొస్తుందని భుజం మీద మోసుకొచ్చాడు. దారిలో దించకుండా తెచ్చాడని పెద్దమ్మ గొప్పగా చెప్పేది. ఆయన పోయాక ఆ రాయే సమాధి మీద పెట్టించి, బొక్కలో కొయ్య సిలువ నాటింది. మా నేల సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. నల్లరేగడి ఎండకు నోరు తెరుస్తుంది, వానకు మూస్తుంది. ఇటుకలు పెడితే మింగేస్తుంది, కర్ర పాతితే పడదోస్తుంది. గురుతు లేని సమాధిని కొన్నేళ్లకు ఇంకొకరి కోసం తవ్వేస్తారు, చోటు తక్కువ. పెద్దమ్మకు ఉన్న ఆశ ఒక్కటే. తనను ఆయన పక్కన పెట్టాలి. ఆ చోటు తెలియాలంటే ఆ రాయి ఉండాలి.

నంగూరం సారు సమాధుల తోటకు కూడా వచ్చాడు. సిలువను చూడలేదు, దాని కింద బొక్కను చూశాడు.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పకపోతే మీకు ఏమీ అర్థం కాదు. అరవంలో వాగును ఓడై అంటారు. అది మా ఇళ్లలోకి వచ్చి ఓడ అయింది. మేం ఓడ అంటే వాగే. సముద్రం మీద పోయేదాన్ని మేం అరవంలో అన్నట్టే కప్పల్ అంటాం. ఆంధ్రావాళ్లు వింటే కప్పల గుంపు అనుకుని నవ్వుతారు, నవ్వనివ్వండి. ఆ వాగు అవతల ఒడ్డున పుట్టిన సారు తల్లి కూడా ఓడ అనే అంది. ఆయనా అలాగే అంటూ పెరిగాడు.

ఆ రోజు పెద్దమ్మను పిలుచుకొచ్చింది నేనే.

"అమ్మా, ఈ శిల మీకు ఎక్కడ లభించింది?" అని అడిగాడు సారు.

పెద్దమ్మ నా వైపు తిరిగింది. "ఏమంటాడురా?"

"ఈ రాయి యాడ దొరికిందని అడుగుతుండారు పెద్దమ్మా."

"అదా! ఓడలో దొరికింది సారూ."

ఆయన కళ్లద్దాలు తీసేశాడు. "ఓడలోనా?"

"ఓడలోనే. మన్నులో పూడిపోయిండె. ఒక పక్క మాత్రం తెలుస్తుండె. మా ఆయప్ప గడ్డపారేసి ఎత్తినాడు."

"ఆ ఓడ పెద్దదా అమ్మా?"

"రొంబ పెద్దది. ఈ తట్టు నిలబడి పిలిస్తే ఆ తట్టుకు ఇనపడదు."

"ఇప్పుడది ఎక్కడుంది?"

"ఆడనే ఉండాది. ఓడ యాడికి పోతాది సారూ? నీళ్లే పోతాయి."

ఆయన గబగబా సంచిలోనుంచి చిన్న టేపురికార్డరు తీసి నొక్కాడు. "ఓడ మొత్తం పూడిపోయిందా?"

"మొత్తం పూడిపోయిండాది. పంచాయతీవాండ్లకు చెప్పి చెప్పి నోరు నొచ్చింది. ఎవురూ తవ్వరు."

"మేం తవ్వుతామమ్మా. తప్పకుండా తవ్వుతాం."

"నీకు పున్నెం సారూ. తవ్వితే చేన్లకు నీళ్లు పారతాయి."

ఆ చివరి మాట ఆయన చెవికి ఎక్కలేదు. నేను పక్కనే ఉండి కూడా ఏమీ అనుమానించలేదు. వాగు పూడిక తీయిస్తాడనే అనుకున్నాను. ఆ వారం ప్రార్థన కూటంలో ఆయన కోసం దేవుణ్ణి స్తుతించాను కూడా.

రాయిని ప్రదర్శనలో పెట్టి తెచ్చిస్తానన్నాడు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. అప్పుడు ఆయన ఆమెకు నచ్చే మాట ఒకటి వెతికాడు.

"మీ భర్త పేరు దాని పక్కన రాయిస్తాను. వచ్చినవాళ్లందరూ చదువుతారు."

"మా ఆయప్ప పేరా?" అంది పెద్దమ్మ. బతికినన్నాళ్లూ ఆయన పేరు రేషను కార్డులో తప్ప ఎక్కడా లేదు. "దేవుని ముందర చెప్పు సారూ, తెచ్చిస్తావా?"

"దేవుని సాక్షిగా" అన్నాడాయన, సమాధుల మధ్య నిలబడి. జీపు వచ్చింది. సిలువను ఊడబెరికి గోడకు ఆనించారు. అది అక్కడే చెదలు పట్టింది.

తర్వాత అసనం పండగ వచ్చింది. మా సంఘాల్లో అందరూ కలిసి వండుకుని తినే పండగ అది. కోవిల్‌పట్టి గుడి హాలులో ఆ సాయంత్రం సారు ఉపన్యాసం పెట్టారు. గోడ మీద స్లైడ్లు వేశాడు. పెద్దమ్మ ముందు వరుసలో చాప మీద కూర్చుంది.

"మన రాయి కదరా! గోడ మీద ఎంత పెద్దదైపోయిండాది!" అని నా మోచేతిని పొడిచింది.

సారు అరవంలో మొదలుపెట్టాడు. ఈ నల్లరేగడి కింద ఒక కప్పల్ పూడి ఉంది అన్నాడు. దాని లంగరు ఇదీ అన్నాడు. ఒకప్పుడు సముద్రం ఇంత దూరం వచ్చేదన్నాడు. మన తెలుగువాళ్లు కూలికి వచ్చినవాళ్లు కాదు, దేశదేశాలు తిరిగిన నావికులు అన్నాడు. తన దగ్గర సాక్షి గొంతు ఉందంటూ టేపు వేశాడు. హాలంతా పెద్దమ్మ గొంతు. ఓడలో దొరికింది సారూ. ఓడలోనే.

పెద్దమ్మకు ఏమీ అర్థం కాలేదు. "మన ఓడలో కప్పల్ వచ్చిండాదా? ఎప్పుడు వచ్చిందిరా? నేను చూడలేదే!"

వెనుక నుంచి ఎవరో లేచి, "జలప్రళయం నాటి కప్పల్ అయ్యుంటాది! తోత్రం!" అని అరిచారు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. సారు ఒక్క క్షణం ఆలోచించి, తల కొద్దిగా వంచి ఆ చప్పట్లు తీసుకున్నాడు. అవుననలేదు, కాదనలేదు. ఏ వైపు నుంచి చప్పట్లు వస్తే ఆ వైపు తిరిగే తెరచాప ఆయనది. దేవుని వాక్యానికి ఇలాంటివాడి సాక్ష్యం కావలసివచ్చిందా అని నాకు ఒళ్లు మండింది.

విస్తళ్లు ఎత్తాక ఆయన దగ్గరికి వెళ్లాను. పందిరి గుంజకు ముడి వేస్తున్నాడు.

"సారూ, పెద్దమ్మ ఓడ అనింది వాగును. మన ఇండ్లలో కప్పల్‌ను ఓడ అనరు కదా. మీకు తెలియంది కాదు."

ఆయన చేయి ఆగింది. ముఖంలో ఆ పుస్తకాల మనిషి పోయి, వాగు ఒడ్డున పెరిగిన మనిషి ఒక్క రెప్పపాటు కనిపించాడు. ఆయనకు అర్థమైంది. అర్థమైందని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

"ఎవరికైనా చెప్పావా?" అన్నాడు.

"లేదు సారూ."

ఆయన తిరిగి ముడి బిగించాడు. "వాగును ఓడ అని ఎందుకు పిలుస్తున్నారు? ఒకప్పుడు దాని మీద ఓడలు తిరిగాయి కాబట్టి. మనిషి మరచిపోతాడు, మాట మరచిపోదు. మీ పెద్దమ్మకు తన మాటకే అర్థం తెలియదు."

"అది అరవం మాట కదా సారూ!"

"అది నీ చదువుకు అందదులే."

"రాయి?"

"వచ్చే నెల."

పొరపాటు చేసినవాణ్ణి నేను ఏమీ అనను. తల్లి భాషను చీదరించుకుని, ఆ భాషలోనే జారిపడటం దేవుడు నేర్పే పాఠం. లేచి దులుపుకుంటే సరిపోయేది. ఆయన పడినచోటే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, దాన్నే సింహాసనం అన్నాడు. పొలిమేర రాయి జరిపినవాడు శాపగ్రస్తుడని చిన్నప్పుడు కంఠతా పట్టాం. సమాధి రాయి జరిపినవాణ్ణి ఏమనాలో మాకు ఎవరూ నేర్పలేదు. అంతకు దిగేవాడు ఉంటాడని అనుకోలేదేమో.

ఆ 'వచ్చే నెల' ఏళ్ల తరబడి రాలేదు. ఒకసారి పెద్దమ్మ మునక్కాయల కట్ట చంకన పెట్టుకుని నన్ను వెంటబెట్టుకుని విరుదునగర్ వెళ్లింది. కాలేజీ హాలులో అద్దాల పెట్టెలో రాయి ఉంది. పెద్దమ్మ అద్దానికి అరచేయి ఆనించింది.

"ఆయప్ప పేరు యాడుండాదో చదువురా."

చదివాను. ప్రాచీన తెలుగు నావికుల రాతి లంగరు అని ఉంది. దాని కింద సేకరించినవారు అని ఉంది, పక్కన సారు పేరు. మళ్లీ మొదటి నుంచి చదివాను. అంతకంటే ఏమీ లేదు. నేను నోరు మెదపకపోయేసరికి పెద్దమ్మకు తెలిసిపోయింది.

సారు ఇద్దరు తోటి లెక్చరర్లతో వసారాలో నిలబడి ఉన్నాడు. ఆమెను వాళ్లకు చూపించి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. వాళ్లు ఆమెను రాయిని చూసినట్టే చూశారు. ఆమెతో మాత్రం అరవంలో మాట్లాడాడు, తెలుగు ఎరగనట్టు.

"మీ పూర్వీకులు కప్పల్ నడిపినవాళ్లమ్మా. సంతోషపడాలి మీరు."

"నాకు కప్పలూ వద్దు, ఏమీ వద్దు సారూ" అంది పెద్దమ్మ, తెలుగులోనే. "నా రాయి నాకిస్తే చాలు. మీ అమ్మ గూడ ఆ ఓడలోనే మీ గుడ్డలు ఉతికింది. నేను పక్క రాయి మీద ఉతుకుతుంటిని. నా కొడుకు పెద్ద సదువు సదువుతుండాడు అక్కా, అని మురిసిపోయేది. ఆయమ్మ మొగం చూసన్నా ఇయ్యి సారూ."

లెక్చరర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయన ముఖం నల్లబడింది. అటెండరును పిలిచి, "ఈమెకు కాఫీ ఇప్పించి బస్సు ఎక్కించు" అన్నాడు. లోపలికి వెళ్లిపోయాడు. మునక్కాయలను కూడా లోపలికి తీసుకెళ్లారు.

ఆ తర్వాత ఒక పరిశోధకురాలు ఆ కాలేజీకి వచ్చింది. నిజంగా సముద్రంలోకి దిగే మనిషి. ఆ రాయి సంగతి తెలిసినవాడినని ఎవరో నన్ను పిలిపించారు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని రాయిని నాలుగు వైపులా భూతద్దంతో చూసింది. బొక్క అంచును వేలితో తడిమింది. సముద్రంలో ఉన్న రాతికి గుల్లలు పట్టిన మచ్చలుంటాయి, ఇందులో ఒక్కటీ లేదని మెల్లగా చెప్పింది. "ఇది ఉప్పునీళ్లు ఎప్పుడూ చూడలేదు సార్. మంచి రాయే, లంగరు మాత్రం కాదు." కొంచెం ఆగి, "నేనూ ఇలా తప్పుగా పోల్చుకున్నవి ఉన్నాయి" అని కూడా అంది, ఆయన చిన్నబుచ్చుకోకుండా. లోతు చూసినవాళ్లకు ఆ మాట అనడం వస్తుంది. ఆమె వెళ్లాక సారు నాతో అన్నది ఒకటే. "చిన్నపిల్ల. ఇంకా నేర్చుకోవాలి."

అద్దాల పెట్టె ఖాళీ అయింది. రాయి ఏమైందని అడిగితే భద్రంగా ఉందన్నాడు. లంగరు కాదని తేలాక కూడా దాన్ని తిరిగి ఇవ్వలేదు. ఇస్తే ఎందుకు ఇచ్చావని నలుగురూ అడుగుతారు కదా.

పోస్టరు చూసిన రోజు నేను కోవిల్‌పట్టి బస్సు వదిలేసి ఆయన ఇంటికి నడిచాను. సమాధి కార్యక్రమం ముందురోజే అయిపోయింది. భార్య, మాటలు తక్కువైన మనిషి, తలుపు తీసింది. రాయి గురించి అడిగాను.

"ఏ రాయి?" అంది. నేను బొక్క గురించి చెప్పగానే, "ఓ, గుడ్డలుతికే రాయా!" అంది.

పెరట్లో కుళాయి కింద ఉంది అది. సబ్బు నురుగు ఎండి తెల్లగా ఉంది. బొక్కలో నుంచి నైలాను తాడు దూర్చి, దాని రెండో కొస గోడ మేకుకు కట్టి గుడ్డలు ఆరేస్తున్నారు. ఆ ముడి చూడగానే ఎవరు వేసిందో పోల్చుకున్నాను. పెదనాయన తల మీద ఉండవలసిన రాయి ఇన్నాళ్లూ ఈయన లుంగీలు మోసింది.

"ఎత్తుకోని పోండన్నా" అంది ఆవిడ. "మా కొడుకు వాషింగ్ మెషీను కొనిచ్చిండాడు. మా ఆయనే దీన్ని కదలనీయలేదు. ఎవరడిగినా లేదని చెప్పమన్నాడు."

ముడి విప్పడానికి ఇద్దరం చూశాం. రాలేదు. ఆవిడే కూరగాయల కత్తి తెచ్చి కోసింది.

చిన్న వ్యానులో రాయిని ఊరికి తెచ్చాను. పెద్దమ్మకు అప్పటికే చూపు దాదాపు పోయింది. సమాధుల తోటలో ఆమెను రాయి పక్కన కూర్చోబెట్టాం. అరచేత్తో నిమిరింది. బొక్కలో వేలు పెట్టి తిప్పింది.

"ఇదే" అంది. "సబ్బు వాసనొస్తాది ఎందుకురా?"

నేను చెంబుతో నీళ్లు తెచ్చి రాయి కడిగాను.

తోటకు కొత్త గోడ కట్టారు, పాత చెట్లు కొట్టేశారు, ఈ మధ్యలో ఎందరినో పెట్టారు. పెదనాయన చోటు ఎక్కడో ఎవరికీ తెలియడం లేదు. ఒకరు వేపమొద్దు దగ్గర అన్నారు, ఒకరు కాదు గోడ పక్కన అన్నారు. చివరికి సంఘపెద్ద, "ఎక్కడో ఒకచోట ఏసేద్దాం పెద్దమ్మా. పైనున్న కర్తరుకు తెలుసు కదా" అన్నాడు.

పెద్దమ్మ తల ఎత్తింది. "తెలియని చోట రాయేసి, ఇంకెవురి తల మీదనో మా ఆయప్ప పేరు చెప్పేదానికి నేనేమన్నా నంగూరం సారునా?"

ఆమె మళ్లీ రాయి మీద చేయి వేసింది.

"దీన్ని ఇంటికి తీసుకోని రండి. నేను పోయినాక నన్ను యాడ పెడితే ఆడ, నా తలకాడ ఏయండి. ప్రభువు వచ్చే ఆ దినం, సచ్చినోళ్లను లేపే బూర ఊదినాక ఆయప్ప లేచి నన్ను ఎతుక్కోడా? ఈ రాయి ఆయప్పకు తెలుసు. మోసిన బుజం మరిచిపోతాదా?"

రాయి ఇప్పుడు పెద్దమ్మ వాకిట్లో ఉంది. దానికి మేకను కట్టేస్తుంది. విరుదునగర్‌లో సారు సమాధి మీద నున్నటి నల్లరాయి వేయించారు. దాని మీద లంగరు చెక్కించారు. చెక్కినవాడు సముద్రం ఎరగనివాడు కాబోలు, అది చేపల గాలంలా వచ్చింది. ఎవరూ దిద్దించలేదు.

ప్రియమైన చదువరీ, నాతో కలిసి ప్రార్థించు. ఆ ముసలమ్మ కళ్లు మూసే రోజున ఆ రాయి ఆమె తల దగ్గరికి చేరేలా ప్రార్థించు. ఎక్కడ పడుకున్నాడో ఎవరికీ తెలియని ఆ కూలిమనిషి లేచి, దాన్ని చూసి, ఆమె దగ్గరికి నడిచి వచ్చేలా ప్రార్థించు. నంగూరం సారు కోసం కూడా ప్రార్థించాలని వాక్యం. మోకాళ్లూనుతాను, ఆయన దగ్గరికి వచ్చేసరికి నా నోరు ఆగిపోతుంది. ఆ ఒక్క ప్రార్థన నీవు చెయ్యి. పేరు తెలియదే అనుకోవద్దు, ఉన్నది ఉన్నట్టు చెప్పు, ప్రభువు పోల్చుకుంటాడు. ఆయనకు మా ఇళ్ల తెలుగు వచ్చు. ఓడ అంటే వాగని ఆయనకు తెలుసు. ఆమేన్.